ఇటుకలు పెట్టిన కిటికీ

పులివెందుల దగ్గరి పల్లెలో పెంచలయ్య పార్టీకి అంకితమైన మనిషి. ఎదుటి వర్గం బాంబులేస్తుందని ఇంటి కిటికీలన్నీ ఇటుకలతో మూయించేశాడు. నేలలోంచి రేడాన్ అనే గ్యాస్ వస్తుందనీ, వాసనా రంగూ లేకుండా మూసిన ఇళ్లలో పేరుకుని ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెస్తుందనీ ఆరోగ్య శిబిరంలో విన్న అతని భార్య వనజమ్మ, పరీక్ష చేయించమంది. పెంచలయ్య ఎటూ పార్టీ ఆఫీసులోనే ఉంటాడు, పీల్చేది ఆమే మరి.

పెంచలయ్య అర్హుణ్ణే తెచ్చాడు. మోటార్లు బాగుచేసే గంగులయ్యకున్న అర్హత పార్టీ సభ్యత్వం. అతను కరెంటు టెస్టరు నేలకు ఆనించి, "లైటు ఎలగలే మామా, గ్యాస్ లేదు" అని తేల్చేశాడు.

వనజమ్మ నమ్మలేదు. ఆ పరీక్షలో శిక్షణ పొందిన లక్ష్మీదేవిని ప్రొద్దుటూరు నుంచి పిలిపించింది. ఆమె గదిలో వారం రోజులు చిన్న మీటరు ఉంచి చూసింది.

"గ్యాస్ ఉండాల్సిన హద్దుకు నాలుగింతలుంది. నేల కింద పైపేసి, ఫ్యానుతో గ్యాసును బయటికి లాగాల. అంతవరకు కిటికీలు తెరిచిపెట్టండప్పా."

"తెరిస్తే బాంబొస్తాదమ్మా! ఇంతకూ నువ్వు ఏ పార్టీ?" అన్నాడు పెంచలయ్య.

"బాంబులేసేటోళ్లు ఎలచ్చన్లకే వస్తారు. ఇది దినామూ వస్తాంది," అంటూ వనజమ్మ గడ్డపార ఎత్తింది.

మొదటి ఇటుక దబ్బున పడగానే పెంచలయ్య మంచం కింద దూరాడు. ఆమె రెండో ఇటుక మీద పోటు వేసింది.