ముప్పై ఏడు సలహాల క్యూ కర్ర

కోదండరామన్ గారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు: సలహా అడగడం. ఎదురుగా మనిషి కనబడితే చాలు, తల ఒకపక్కకు వంచి, "మీకెట్ల తోస్తాది?" అంటారు. చొక్కా కొనాలన్నా అంతే, పంపు మోటారు కాలిపోయినా అంతే. ఎన్నో అంతస్తుకు పోవాలని అడిగిన లిఫ్టు మనిషిని కూడా ఆయన వదిలిపెట్టింది లేదు.

నలభై ఏళ్ల కిందట పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు, కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, పెళ్లికూతురి తండ్రినే పక్కకు పిలిచి, "మీ పిల్లను నేను చేసుకోవచ్చునా? మీకెట్ల తోస్తాది?" అని అడిగారట. ఆ పెద్దమనిషి నిజాయితీపరుడు. కాసేపు ఆలోచించాకే చెప్పాడట. ఆ కాసేపు ఆలోచించినందుకు ఆ పెళ్లికూతురు కమలం తన తండ్రిని ఇంతవరకూ క్షమించలేదు.

కొడుకు పుట్టినప్పుడు పేరు కోసం ఊరంతా తిరిగారు. మదన్ అని పేరు ఖాయమయ్యేసరికి పిల్లవాడు నడిచి వచ్చి తన పేరు తానే విన్నాడు.

ఆ మదన్ భార్య పేరే శ్రీమతి. మదురై నుంచి కోయంబత్తూరుకు కోడలుగా వచ్చి రెండేళ్లయింది. స్పిన్నింగు మిల్లులో నూలు పరీక్షించే ల్యాబులో పని చేస్తుంది. నూలు యంత్రంలో పెడితే అంకె వస్తుంది. అంకె బాగుంటే ఉంచాలి, లేకపోతే తీసేయాలి. ఆమె లోకంలో మూడో దారి లేదు. అందుకే మామగారు ఆమెకు రెండేళ్లుగా తెగని లెక్కలా మిగిలిపోయారు. ఇంతమందిని అడుగుతారు కదా, చివరకు ఎవరి మాట వింటారు? ఆమె చాలాసార్లు గమనించింది గానీ అంతు చిక్కలేదు.

ఈ ఏడు ఆయనకు కంటిశుక్లం తీశారు. పట్టీ విప్పిన వారానికి టీవీలో స్నూకర్ ఆట చూస్తూ గబుక్కున లేచి నిలబడ్డారు.

"కమలం! ఇది గోధుమరంగు బంతి! ఇన్ని దినాలు దీన్నీ ఎరుపే అనుకుంటా ఉంటిని!"

"నా పెళ్లిరోజు చీర కూడా గోధుమరంగే. ఎరుపు నీకు బాగుండాది అని పోయిన నెల కూడా అంటిరే" అంది కమలం వంటింట్లోంచి.

పడుచువయసులో ఆయన మిల్లు క్లబ్బులో స్నూకర్ బాగా ఆడేవారు. తుడియలూరులో మోటార్లకు తీగ చుట్టే వర్క్‌షాపు పెట్టాక ఆట ఆగిపోయింది. ఆగి ఇరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు వర్క్‌షాపు మదన్ చూసుకుంటున్నాడు, కన్ను కొత్తగా కనబడుతోంది, ఇంక ఆడకపోతే ఎట్లా? బీరువా మీదున్న పాత క్యూ కర్ర కోసం చెయ్యి పెట్టారు. కర్ర లేదు.

"స్టోర్ రూములో ఉండాది" అంది కమలం. "దాని కొనకు గుడ్డ కట్టి బూజు దులుపుతా ఉండా. ఎత్తుకు సరిగ్గా సరిపోతాది."

గుడ్డ విప్పి చూస్తే కర్ర కాస్త వంగి ఉంది. బంతిని తాకే కొనన ఉండే తోలు బిళ్ల ఎండి రాయైంది. ఆయన దాన్ని ఒడిలో పెట్టుకుని పది నిమిషాలు నిమిరారు. తరవాత మొదలైంది.

"అమ్మణి, ఈ కర్రను మార్చాలా, ఇదే చాలా? నీకెట్ల తోస్తాది?"

శ్రీమతి కర్రను అద్దం బల్ల మీద దొర్లించి, కింద సందులో కొలిచింది. "రెండు మిల్లీమీటర్ల వంకర ఉండాది మామా. మార్చండి."

"మంచి మాట" అన్నారాయన. అని నేరుగా గేటు దగ్గరికి పోయి, ఆకుకూరల బంగారమ్మను ఆపారు.

బంగారమ్మ తట్ట దించి, కర్రను అటూ ఇటూ తిప్పి, "పరుపు కింద పెట్టి నెల రోజులు దాని మీద పడుకోండి, సారు. తనంతట తానే నిటారవుతాది" అంది.

వడ్రంగి ఆముదంలో నానబెట్టమన్నాడు. ఆటో డ్రైవరు, వంకర ఎటుందో అటే తిరిగి నిలబడి కొడితే సరిపోతుందన్నాడు. కొత్త మొబైల్ కనెక్షన్ కావాలా అని ఫోన్ చేసిన ముక్కూ మొహం తెలియని అమ్మాయితో ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఆ అమ్మాయి కనెక్షన్ మాట మరిచిపోయి, "ఉంచుకోండి సార్, మా తాత చేతికర్ర కూడా వంకరే" అని ఫోన్ పెట్టేసింది.

కంటి డాక్టరునూ వదల్లేదు. గడ్డం స్టాండు మీద ఆనించి, కంట్లోకి లైటు పడుతుండగా, కదలకుండా అడిగారు.

"డాక్టర్, కర్ర వంకరగా కనబడితే వంకర కర్రదా, కంటిదా?"

"మాట్లాడొద్దు సార్."

"సరే. మాట్లాడను. మీకెట్ల తోస్తాది?"

శ్రీమతి లెక్కపెడుతూ వచ్చింది. మూడు వారాల్లో ముప్పై ఏడు మంది. అందులో ముప్పై మందికి స్నూకర్ అంటే ఏమిటో కూడా తెలియదు. విచిత్రమేమిటంటే మామగారు ప్రతి సలహానూ చెప్పినవారి పేరుతో సహా గుర్తుపెట్టుకుంటున్నారు. పొద్దున వాకింగులో పాఠం అప్పజెప్పినట్టు గొణుక్కుంటున్నారు కూడా. ఎంత తలతిక్క సలహా అయితే అంత సంతోషం. ఒకాయన గరుకు కాగితంతో రుద్ది సన్నం చెయ్యమన్న రోజు, మామగారు ఏదో బహుమతి వచ్చినట్టు ఇంటికొచ్చారు.

ఒకరోజు ఆయన కంటిచుక్కల మందు ఇంట్లో మరిచిపోతే, ఇవ్వడానికి శ్రీమతి ఆర్.ఎస్. పురంలో మేడ మీద ఆయన పోయే స్నూకర్ పార్లర్‌కు వెళ్లింది. ఆయన అప్పటికే బయల్దేరిపోయారు. పార్లర్ నడిపే దినకరన్ టేబులు మీది గుడ్డను బ్రష్షుతో తుడుస్తున్నాడు.

"అన్నా, మా మామ కర్ర సంగతి మీరైనా తేల్చి చెప్పగూడదా? ఊరంతా నవ్వుతా ఉండారు."

దినకరన్ బ్రష్షు ఆపాడు. "తేల్చేదేముండాది? మొదటి రోజే కొత్త తోలు బిళ్ల వేయించుకున్నారే. మంచి కర్రలు నాలుగు చూపించినా. 'వద్దప్పా, ఈ చేతికి ఇదే అలవాటు, కండిప్పా, తప్పకుండా ఇదే' అనేసినారు. దినమూ దాంతోనే ఆడతా ఉండారు."

శ్రీమతి మెట్లు దిగుతూ మూడుచోట్ల ఆగింది. మొదటి రోజే తేలిపోయిన సంగతికి మూడు వారాల ఊరేగింపు ఎందుకు?

ఇంటికి రాగానే నేరుగా అడిగేసింది. "మామా, మీరు ఎప్పుడో తీర్మానం చేసినారంట కదా. మరి అందర్నీ ఏల అడుగుతా ఉండారు?"

కోదండరామన్ గారు కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీశారు.

"రేపు ఆదివారమే కదా. నాతో పళని వస్తావా అమ్మణి?"

"గుడికా?"

"గుడికి కూడా."

మర్నాడు శ్రీమతి కారు నడిపింది. కర్ర వెనక సీటు మీద పడుకుని వచ్చింది. దర్శనం అయ్యాక ఆయన చూపించిన వీధిలో ఒక చిన్న ఇంటి ముందు ఆపింది. సుగన్య అనే ఆమె తలుపు తీసి, గొంతు తగ్గించి మాట్లాడింది. ఆమె తండ్రి అయ్యసామి, ఒకప్పుడు మిల్లు క్లబ్బులో మార్కరు. టేబుళ్లు చూసుకోవడం, పాయింట్లు చెప్పడం, కర్రలు బాగుచేయడం, ఆడేవాళ్లను తిట్టడం ముప్పై ఏళ్లు ఆయన పనే. కోదండరామన్ గారికి ఆట నేర్పింది ఆయనే. పోయినేడు అమ్మ పోయినప్పటి నుంచి నాయన మంచం దిగడం లేదని సుగన్య చెప్పింది.

"కాలూ చెయ్యీ బాగానే ఉండాయి. డాక్టరు కూడా ఏమీ లేదన్నారు. ఏమడిగినా 'నీ ఇష్టం' అంటారు. ఇడ్లీయా దోసెయా అంటే 'నీ ఇష్టం'. టీవీ పెట్టేదా అంటే 'నీ ఇష్టం'. ఫోన్లో మీతో చెప్పినా కదన్నా, అట్లనే ఉండారు."

లోపల అయ్యసామి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కోదండరామన్ గారు స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"అన్నా, నేను కోదండరామన్. మళ్లీ ఆడేకి మొదలుపెట్టినా. నా పాత కర్ర మార్చాలా, వద్దా అని ఒకే యోసన."

"నీ ఇష్టం" అన్నాడు గోడతో.

"సరే అన్నా. ఎట్లాగూ నలుగురినీ అడిగినాలే. మా ఆకుకూరల బంగారమ్మ చెప్పింది, దీన్ని పరుపు కింద పెట్టి, నెల దినాలు పైన పడుకుంటే నిటారవుతాదంట."

దుప్పటి కింద కాలి బొటనవేలు కదిలింది. శ్రీమతి చూసింది.

"ఆటో మనిషి చెప్పినాడు, వంకర ఎటుంటే అటు తిరిగి నిలబడి కొట్టాలంట."

"ఊఁ" అని ఒక మూలుగు వచ్చింది.

"వడ్రంగి ఆముదంలో నానబెట్టమన్నాడు. మంచి మనిషి. రాత్రంతా నానబెడదామనుకుంటా ఉండా."

మెడ తిరిగింది. తెల్లటి గడ్డం, రెండు కళ్లు కనబడ్డాయి. కోదండరామన్ గారు గొంతు ఇంకా అమాయకంగా చేశారు.

"ఇంకొకాయన గరుకు కాగితం తీసుకుని కొనంతా రుద్ది, పెన్సిలు మాదిరి సన్నం చెయ్యమన్నారు. అది నాకు చాలా—"

అయ్యసామి లేచి కూర్చున్నాడు. "ఎవడు వాడు? పేరు చెప్పు! కర్రకు గరుకు కాగితమా? ఆముదమా? దోసె పోస్తా ఉండారా మీరంతా? ఇట్లివ్వు దాన్ని!"

సుగన్య తలుపు చెక్కను పట్టుకుని నిలబడిపోయింది.

అయ్యసామి కర్ర లాక్కుని, ఒక కన్ను మూసి తుపాకీలా చూశాడు. మంచం దిగి, నేల మీద దొర్లించాడు. కర్ర లావు కొనను నేలకు తట్టి చెవి పెట్టి విన్నాడు. తరవాత కోదండరామన్ గారిని మంచం పక్కన వంగి నిలబడమని, గాలిలోనే కొట్టమన్నాడు. ఒకటి, రెండు, మూడు. ఎనిమిదోసారికి భుజం వణికింది.

"వంకర ఒక లెక్కలోది కాదు. ఇది ఇరవై ఔన్సుల బరువు. ముప్పై అయిదేండ్ల భుజానికి నేనే ఏరి ఇచ్చినా. ఇప్పుడు నీకు ఆ భుజం లేదు. పద్దెనిమిదికి మించగూడదు. మార్చు."

కోదండరామన్ గారి మొహం వాడిపోయింది. ఆయన నాటకం ఇంత నిజమవుతుందని అనుకోలేదు. "అట్ల చెప్పొద్దన్నా. మూడు వారాల ముందే కొత్త తోలు కూడా వేయించినానే..."

మాట నోరు దాటాక నాలుక కరుచుకున్నారు.

అయ్యసామి తోలు బిళ్ల మీద బొటనవేలు ఆనించి చూశాడు. "మూడు వారాల ముందే తోలు వేయిస్తివి. అంటే ఉంచుకునేకే కదా? మరి ఆముదం వాళ్లనూ పరుపు వాళ్లనూ ఏల అడిగితివి?"

ముసలాయన కోదండరామన్ గారి వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. గడ్డం గోక్కున్నాడు.

"నన్ను లేపేకి వచ్చినావా? సరే, లేచినా. ఇప్పుడు చెప్తా ఉండా, నిజంగానే మార్చు." తరవాత కూతురితో, "సుగన్యా, కాఫీ. చక్కెర తగ్గించు. ఏడాదిగా పాయసం మాదిరి పెడతా ఉండావు" అన్నాడు.

సుగన్య వంటింట్లోకి పరుగెత్తింది. అక్కడినుంచి నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి వచ్చింది, దాని వెనకే గిన్నె పడిన చప్పుడు.

తిరుగు ప్రయాణంలో ఉడుమలైపేట దాటాక శ్రీమతి ఆపుకోలేకపోయింది.

"మామా, మీరు అడిగేదంతా ఇట్లనేనా? అన్నీ తెలిసే అడుగుతారా?"

"లేదమ్మణి. సగంసార్లు నాకు నిజంగానే తెలవదు."

"మిగతా సగం?"

ఆయన కిటికీలోంచి కొబ్బరితోటలు చూస్తూ అన్నారు. "బంగారమ్మను ఇరవై ఏండ్లుగా అందరూ మునగాకుండాదా, తోటకూర ఉండాదా అనే అడుగుతారు. నీకెట్ల తోస్తాది అంటే తట్ట దించుతాది చూడు. ఆ దించేదాన్ని చూసేకి నాకు ఇష్టం. అంతే." అంతలోనే దిగులుగా కలిపారు. "కానీ పద్దెనిమిది ఔన్సులంటాడే అమ్మణి, ఈ మనిషి!"

పదిహేను రోజులకు అయ్యసామి కూతుర్ని తీసుకుని కోయంబత్తూరు వచ్చాడు. కర్ర ఎంచడానికి ఇంకొకరిని నమ్మలేనన్నాడు. పార్లర్‌లో దినకరన్ తెచ్చిన కర్రల్లో పదకొండు వెనక్కి తోశాడు. పన్నెండోది తన భుజాన పెట్టి చూసి, కోదండరామన్ గారి చేతిలో పెట్టాడు. పాతదాన్ని మాత్రం తన పక్కనే ఆనించుకున్నాడు. తప్పు చూపించడానికి తనకూ ఒకటి కావాలట.

కోదండరామన్ గారు కొత్త కర్రతో నల్లబంతి మీద గురిపెట్టారు. తెల్లబంతి నల్లదాన్ని పలకరించకుండా నేరుగా సంచిలోకి దిగింది.

"మళ్లీ" అన్నాడు అయ్యసామి. "మోచెయ్యి కదిలింది. మళ్లీ."

పద్దెనిమిదోసారి నల్లబంతి పడింది. అదృష్టం లెక్కలోకి రాదన్నాడు. ముప్పయ్యోసారికి కోదండరామన్ గారి చొక్కా తడిసింది. పళని బస్సుకు టైమైందని సుగన్య వచ్చి చెప్పింది. ఆ తరవాతి బస్సుకు కూడా టైమైందని చెప్పింది.

"నువ్వు కావాలంటే పో" అన్నాడు అయ్యసామి, తల తిప్పకుండా. "ఈయన చెయ్యి ఇట్ల ఉంటే నేనెట్ల వస్తా? ఏం దినకరా, బంతి పెట్టు."

కోదండరామన్ గారు కాపాడమన్నట్టు, పక్కనే నిలబడి ఉన్న కోడలి వైపు చూశారు. శ్రీమతి ఆ చూపు అందుకోనట్టు పక్కకు తిరిగి, సుగన్య కోసం ఒక కుర్చీ జరిపింది. ఇద్దరూ కూర్చున్నారు. దినకరన్ నల్లబంతిని మళ్లీ దాని చోట పెట్టాడు.