రేకు మీద గీతలు

కడపలో మా వీధి చివర ఇప్పుడు మొబైల్ షాపు ఉన్న గదిలో, కొన్నేళ్ళ కిందటి దాకా ఒక ముసలాయన దేవుళ్ళ మకరతోరణాలకు బంగారు రేకు అంటించేవాడు. ఆయన ముస్లిం. వీధంతా మామా అని పిలిచేది. ఊపిరి తగిలినా ఎగిరిపోయే రేకు కాబట్టి, పనికి కూర్చుంటే ఎంత ఎండలోనూ ఫ్యాను ఆపేసేవాడు. పత్రికలో నా ఆదివారం పేజీ అయిపోగానే వెళ్ళి ఆ ఉక్కలోనే కూర్చునేవాణ్ణి.

ఒకసారి పేజీకి ఇప్పటి జపాన్ చిత్రకారుల మీద వ్యాసం వచ్చింది. అందులో ఒక పటమంతా బంగారు రేకే, మూలన చిన్న కొండ. ఆ బంగారం ఆకాశం కాదట, బుద్ధుడుండే చోటట. ప్రింటు తీసి మామకు చూపించాను.

"సామి యాడప్పా?"

"ఆ బంగారమే సామి అంట మామా."

"మా మసీదులో మాత్రం బొమ్మ ఉండాదా?" అని తల ఊపాడు. ఆయనకు వెంటనే అర్థమైంది.

రేకుకూ రేకుకూ మధ్య గీతలను కూడా వాళ్ళు కావాలనే వదిలేస్తారని చెబితే మాత్రం నవ్వాడు. గీత కనపడకుండా అంటించడమే ఆయన జీవితమంతా చేసిన పని.

అప్పుడు ఒంటిమిట్ట పక్క పల్లె రామాలయానికి మూరెడు తోరణం చేస్తున్నాడు. చూపు మందగించిన సంగతి ఎవరికీ చెప్పలేదు. గుడి పెద్ద వచ్చి చూశాడు.

"శానా గీతలు కనపడ్తాండాయి మామా. ఇట్లయితే తిరపతిలో చేపించుకుంటాము."

ఆ పని వెనక్కి పోతే ఇంకెవరూ పని ఇవ్వరు. ఉండబట్టలేక నేను జపాన్ పటం ముందు పెట్టి, అక్కడ గీతలే అందమని చెప్పాను.

"మా రామయ్య జపానుకు పోడులేప్పా," అన్నాడు గుడి పెద్ద.

మామ చెయ్యెత్తి నన్ను ఆపాడు. "వాళ్ళు చూసి ఇడిసినారప్పా. నేను కనపడక ఇడిసినా. రెండూ ఒకటెట్లయితాయి?"

గుడి పెద్ద గడప మీద కూర్చున్నాడు. తోరణాన్ని ఇంకోసారి చూసి, "తిర్నాలకు ఇంకా పది దినాలుండాయి," అని చెప్పి వెళ్ళాడు.

"పేపర్లో తప్పులు ఎతికేవాడివి గదా, ఈడ ఎతుకు," అన్నాడు మామ నాతో. రోజూ పొద్దున పుల్లతో గీత చూపేవాణ్ణి. ఆయన వేళ్ళతో తడుముకుని దాని మీద రేకు ముక్క పరిచేవాడు. "దూరం జరుగు. నీది బర్రె ఊపిరి," అని తిట్టేవాడు.

తిర్నాల ముందురోజు గుడి పెద్ద వచ్చి తోరణాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పించి చూశాడు. తెచ్చిన పాత పంచెలో చుట్టించాడు.

"మా చేతులు మొరటువి. ఆటోలో నువ్వే ఒళ్ళో పెట్టుకోని కూచో మామా. గుళ్ళో కూడా నువ్వే నిలబెట్టు."

మామ లేచాడు. చెప్పులు ఎక్కడున్నాయో కనపడక నా వైపు చూశాడు. తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను.