నాలుగు వేళ్ళ తేడా

నాచారం పారిశ్రామికవాడలో తిరిగే లారీల్లో చంద్రయ్య చెయ్యి పడనిది లేదు. ఇది ఆయన చెప్పుకునే గొప్ప కాదు; మల్లాపూర్ నుంచి ఉప్పల్ దాకా ఏ డ్రైవర్‌ని ఆపి అడిగినా ఒప్పుకునే మాట. కాకపోతే ఎవరూ అడగకముందే ఆయన కూడా చెబుతాడు.

పుట్టింది ఆలేరు అవతల ఒక పల్లెలో. చదివింది ఏడో తరగతి. బడి చూడ్డానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు ముందు కళ్ళు మూసుకుని, చేతులు కట్టుకుని, పంతొమ్మిదో ఎక్కాన్ని పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ అప్పజెప్పి, ఆయన జేబులోని పెన్ను బహుమానంగా పుచ్చుకున్న పిల్లవాడు ఆ బడిలో మరొకడు లేడు. మీసాలు రాని వయసులో ఉప్పల్‌కి వచ్చి ఒక లారీ టైర్ల దుకాణంలో సమ్మెట పట్టాడు. పెళ్ళినాటికి నాచారంలో సొంత దుకాణం. ఒకసారి బాయిలర్ మోసుకెళ్తున్న పెద్ద ట్రైలర్ జోరువానలో నడిరోడ్డు మీద కూలబడితే, కంపెనీ ఇంజనీర్లు గొడుగుల కింద నిలబడి ఫోన్లు చేసుకుంటుంటే, ఈయన ఒక్కడే బురదలోకి దూరి లోపలి టైరు విప్పి బండిని లేపాడు. అది చూసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. ఆయన కట్టిన టైరు బాగాలేదని వాపసు వచ్చిన బండి మాత్రం లేదు. ఆ ఒక్క ముక్క మీదే ఆయన తల ఇన్నేళ్ళూ ఎత్తుగా నిలబడింది.

ఇప్పుడు ఆ తల దించమంటున్నది సొంత కొడుకే. జీవన్ ఆటోమొబైల్ డిప్లొమా చదివి, హబ్సిగూడలో ఒక కార్ల సర్వీసు సెంటర్లో పనిచేసి, తిరిగి దుకాణానికి వచ్చాడు. వస్తూనే సగం జాగాలో కార్ల కోసం లిఫ్టూ, చక్రాలు సరిచూసే మిషనూ పెట్టాడు. మిగతా సగంలో లారీలు. తండ్రిని గల్లా దగ్గర కూర్చోమన్నాడు.

"మోకాళ్ళు పోయినయ్ బాపు నీకు. ఇంకెన్ని దినాలు కిందికి దూరుతవ్? కుర్సీల కూసో, పైసలు తీసుకో."

"గల్లా కాడ దేవుని పటం గూడ కూసుంటది. దానికి నేనెందుకురా?" అన్నాడు చంద్రయ్య.

ఇంట్లో భార్య సత్తమ్మ కూడా కొడుకు పక్షమే. "ఆని దుకాణం ఆడు సూసుకుంటడు. నువ్వు జర ఊకుండరాదు," అంది. ఆ పూట చంద్రయ్య అన్నం తినలేదు. 'ఆని దుకాణం' అన్న మాటనే నములుతూ కూర్చున్నాడు. ఏ బండి జాకీ ఎక్కాలో, ఏది ఎక్కకూడదో చెప్పేవాడే దుకాణదారు. ఆ మాట చేజారితే తాను ఎవరు? ఆ ప్రశ్నతో ఆయన రోజూ పొద్దున్నే పళ్ళు నూరుకుంటూ షట్టర్ ఎత్తేవాడు.

అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున సైనిక్‌పురి నుంచి ఎర్రటి కారు వచ్చి ఆగింది. రెండే తలుపులు, నేలకు ఆనుకున్నట్టున్న పొట్ట, వెనకాల రెక్కలాంటి పలక. పందేల కారు. దాన్ని తోలుకొచ్చినవాడు మాత్రం నెరిసిన మీసాల పెద్దమనిషి, చలపతిరావు. ఏదో ప్రయోగశాలలో పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. దిగుతూనే లిఫ్టును, మిషన్‌ను, గోడలను పరీక్ష పేపర్లు దిద్దినట్టు చూశాడు.

"ఇక్కడ పెద్దాయన ఎవరు?"

"నేనే. ఏంది సార్?"

"వెనక టైర్లు రెండూ అరిగిపోయాయి. అదే సైజు ఎక్కడా దొరకలేదు. దానికి దగ్గర సైజు తెప్పించాను. జాగ్రత్తగా వెయ్యాలి. ఇది మీరు చూసే లారీ కాదు."

"లారీలు మోస్తయి సార్. గీ బండి ఏం మోస్తది, మిమ్మల్నే కద?"

చలపతిరావు ముఖం కారు రంగుకు వచ్చింది. జీవన్ మధ్యలో దూరి, డిక్కీలోంచి కొత్త టైర్లు దింపాడు. పక్కన ముద్రించిన సైజు చదివాడు. వెడల్పు అదే, రిమ్ అదే, ఎత్తు మాత్రం ఒక మెట్టు ఎక్కువ.

చంద్రయ్య మేకుకు వేలాడుతున్న పురితాడు అందుకున్నాడు. లారీ వెనక చక్రాలు పక్కపక్కనే జంటగా ఉంటాయి. జంటలో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయితే బరువంతా పొడుగుదాని మీద పడి అది పేలిపోతుంది. అందుకే ఆయన ఏ జంట కట్టినా ముందు తాడుతో టైరు చుట్టుకొలత చూసి, ముడి వేసి, అదే ముడి రెండోదానికి సరిపోతేనే కడతాడు. టైరు మీద అచ్చువేసిన అంకెల్ని నమ్మడు. కొత్త టైర్లు రెంటికీ తాడు చుట్టాడు. ముడి ముడి మీదే పడింది. విప్పిన పాతదానికి చుట్టాడు. నాలుగు వేళ్ళంత తాడు మిగిలింది.

"జంట కుదిరింది. ఎక్కియ్యున్రి," అన్నాడు.

"ఆగు బాపు," అన్నాడు జీవన్. "ముందు టైర్లకు గూడ చుట్టు ఆ తాడు."

"ముందుదానికెందుకురా? ముందుది మలుపుడుకు. తోసేది ఎనుకది."

"లారీకి గట్ల. దీనికి నాలుగూ తోస్తయి. నడుమల కడ్డీ ఉంటది, ముందట్ని ఎనుకట్ని కలిపి పట్టుకుంటది. ముందుది పొట్టిది, ఎక్కువ తిరుగుతది. ఎనుకది పొడుగుది, తక్కువ తిరుగుతది. నడుమ కడ్డీ ఎవల మాట ఇనాలె? ఏస్తె నాలుగు ఒక్క తీరువి ఎయ్యాలె, లేకుంటె ఎయ్యొద్దు."

పక్కనే లారీ డ్రైవర్లు టీ తాగుతున్నారు. వాళ్ళ ముందు కొడుకు ఇట్లా పాఠం చెప్పడం చంద్రయ్యకు చెంపమీద కొట్టినట్టయింది. దానికి తోడు చలపతిరావుకూ అది నచ్చలేదు.

"ఏమోయ్ అబ్బాయ్, నాలుగు చక్రాలూ లాగుతాయని నాకు తెలీదనుకున్నావా? లెక్క వేసే తెప్పించాను. మూడు శాతం తేడా. వేగం చూపించే ముల్లు కాస్త అబద్ధం చెబుతుంది, అంతే. నేను యంత్రాలకు డ్రాయింగులు గీసేనాటికి నువ్వు పుట్టలేదు."

"ఇన్నవా?" అన్నాడు చంద్రయ్య. "సారే జెప్తుండు. నేను టైరు పట్టేనాటికి మీ అమ్మ గూడ ఈ ఇంటికి రాలె."

పొద్దుటి నుంచి ఒకరినొకరు కొరకబోయిన ఇద్దరు పెద్దలు ఆ ఒక్క నిమిషం ఒకే వైపు నిలబడి జీవన్‌ను చూశారు. జీవన్ చేతులు తుడుచుకున్నాడు.

"సరే. వాపస్ వస్తె?"

"నేను కట్టిన బండి వాపస్ రాదు."

"వస్తె గల్లా కాడ కూసుంటవా?"

డ్రైవర్లు టీ గ్లాసులు దించారు. చంద్రయ్య వాళ్ళ వంక చూడలేదు. "వస్తె కార్ల జాకీ నేను ముట్ట. రాకుంటె, నీ లిఫ్టు మీద నేను ఎక్కియ్యమన్న బండే ఎక్కాలె. ఇప్పుడు తప్పుకో."

తానే కూర్చుని, మోకాళ్ళు కలుక్కుమంటున్నా పళ్ళ బిగువున, రెండు టైర్లూ ఎక్కించాడు. గాలి నింపాడు. నట్లను ఎదురెదురుగా, ఒకదాని తర్వాత ఒకటి, లాగి బిగించాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. కారు వాటిని చిదిమేసి రోడ్డెక్కింది. చంద్రయ్య నడుము మీద చేతులు పెట్టుకుని అది మలుపు తిరిగేదాకా చూశాడు.

వారం తిరక్కుండానే ఎర్ర కారు వచ్చింది. అది రావడం కంటే ముందే హారన్ వచ్చింది, దుకాణం ముందు ఆగేదాకా ఆగకుండా.

"ఏం చేశావయ్యా నా కారుని?" తలుపు తీయకముందే అరిచాడు చలపతిరావు. "స్టీరింగ్ ముందు పసుపు హెచ్చరిక దీపాలు రెండు వెలిగి ఆరట్లేదు. ఉప్పల్ రింగ్ రోడ్డులో యూ టర్న్ కొడుతుంటే కింద ఎవరో పళ్ళు పటపటా కొరికినట్టు చప్పుడు. మాడు వాసన! ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నా చేతి కింద ఒక్క యంత్రం పాడవలేదు. నీ చేతిలో పెట్టిన వారానికి ఇదీ!"

"నోరు జర మెల్లగ సార్. నేను కట్టిన టైరు ఊడిందా? గాలి పోయిందా? మరేంది?"

"ఎక్కు. నీ చెవులతో నువ్వే విను."

చంద్రయ్య ఎక్కాడు. ఎక్కాడంటే, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఆ గుంటలోకి జారాడు. కారు మల్లాపూర్ వైపు పరుగెత్తింది. తిన్నగా పోయినంతసేపూ ఏమీ లేదు. ఆయన గొంతులోకి ధైర్యం వచ్చి, "ఏదీ మీ చప్పుడు?" అనబోయాడు. అంతలో చలపతిరావు స్టీరింగ్ చివరిదాకా తిప్పి కారును వెనక్కి మళ్ళించాడు. సీటు కింద నుంచి మొదలైన మూలుగు నడుములోంచి పళ్ళ దాకా పాకింది. ముందు చక్రాలు ఒకటి అంటున్నాయి, వెనకవి ఒకటి అంటున్నాయి. మధ్యలో ఇనుము నలుగుతోంది.

ఆ మూలుగు ఆయనకు కొత్త కాదు. కుదరని జంట కట్టిన పరాయి దుకాణాల లారీలు మలుపుల్లో ఇట్లాగే రోడ్డును ఈడ్చేవి. వాటిని విని దూరంనుంచే తప్పు చెప్పినవాడు తాను. ఇప్పుడు ఆ తప్పు తన కిందే ఉంది. తాడు చుట్టవలసింది రెంటికి కాదు, నాలుగింటికి.

చలపతిరావు కారును రోడ్డు పక్కకు ఆపాడు.

"మీ లెక్కల మూడు శాతం అన్నరు కద," అన్నాడు చంద్రయ్య.

"అది స్పీడోమీటర్ లెక్క. బిగించేవాడికి తెలియాలి."

"తెచ్చెటోనికి తెల్వద్దా? మీ బండి మీకే తెల్వకపాయె."

"మీ అబ్బాయి చెబుతూనే ఉన్నాడు, విన్నావా నువ్వు?"

"మీరిన్నరా?"

ఆ దెబ్బతో చలపతిరావు స్టీరింగ్ మీద గుద్దాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "చూడు, నీ పరువూ నా పరువూ ఎందుకు పోగొట్టుకోవడం? టైర్లలోనే ఏదో లోపం వచ్చింది, మార్చాలి అని చెబుదాం. నీ కొడుకు నమ్ముతాడు. నేనూ అవునంటాను."

చంద్రయ్యకు ఒక్క క్షణం ఆ మాట చల్లటి మజ్జిగలా తాకింది. జీవన్ నోరు మూతపడుతుంది. డ్రైవర్లు ఎప్పటిలాగే పెద్దన్నా అంటారు. లిఫ్టు మీదికి ఏ బండి ఎక్కాలో తానే చెబుతాడు. అంతా నిలుస్తుంది. వెనువెంటనే, ఆ మాట ఎవరి నోట్లోంచి వచ్చిందో గుర్తొచ్చి, ఒళ్ళు భగ్గుమంది. ఈ మనిషి ఇచ్చే అబద్ధం కప్పుకుని తాను దుకాణంలో తిరగాలా?

"పోనియ్యిన్రి," అన్నాడు.

"అంటే సరేనా?"

"బండి పోనియ్యిన్రి అంటున్న."

దుకాణం ముందు జీవన్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనకాల డ్రైవర్లు. చంద్రయ్య కారులోంచి బయటపడటానికి నానాపాట్లు పడ్డాడు. చెయ్యి అందించబోయిన కొడుకును మోచేత్తో నెట్టేశాడు. నిటారుగా నిలబడి, కొట్లాటకు దిగినవాడిలా అందరి వైపూ చూశాడు.

"ఫిటింగ్ తప్పు! నేనే చేసిన. ముందటియి కొలవలే. అయితే ఏంది? నా బతుకుల ఒక్క బండి వాపస్ వచ్చింది. గింతకన్న మంచి లెక్కున్నోడు ఈ నాచారంల ఎవడన్న ఉంటె ముందటికి రమ్మను!"

ఎవడూ ముందుకు రాలేదు. చలపతిరావు మాత్రం వచ్చాడు. "ఆయన ఇంక నా కారు ముట్టుకోవడానికి వీల్లేదు. అబ్బాయ్, నువ్వు చూడు."

"సూస్త సార్. ముందటికి గూడ గివే సైజువి తెప్పియ్యాలె. అవి చక్రం మీది రేకుకు తాకుతయా లేదా సూసినంకనే ఎక్కిస్త. అప్పటిదాంక బండి ఈడనే ఉంటది, నడపొద్దు."

"అప్పటిదాకా నేనేం చెయ్యాలి?"

"ఆటోల పోవాలె సార్," అన్నాడు జీవన్.

చలపతిరావు లారీ డ్రైవర్ల నవ్వు విని, రోడ్డు మీదికి నడిచాడు. జీవన్ కారును లిఫ్టు మీదికి ఎక్కించి, తండ్రి వైపు తిరిగాడు. గొంతులో జాలి లేదు, గెలుపు కూడా లేదు.

"మాటిచ్చినవ్ బాపు. కుర్సీ తుడిచి పెట్టిన."

"కార్ల జాకీ ముట్ట అన్న. ముట్ట. కుర్సీల కూసుంటనని ఎవడన్నడు?"

"బాపు, అందరు ఇన్నరు."

"ఇంటె ఇననీ. అడిగింది నువ్వు, ఒప్పుకున్నది నేను. నేనొప్పుకున్నంతవరకే మాట. ఆ దిక్కు నీది. ఏది ఎక్కిస్తవో, ఏది దించుతవో నీ ఇష్టం, నేను కన్నెత్తి సూడ. ఈ దిక్కు లారీలు. ఈడ నీ మిషిన్ల మాట, నీ పాఠాలు నాకు ఇనవడొద్దు."

సత్తమ్మ కూరగాయల సంచితో అప్పుడే వచ్చి, తండ్రీకొడుకుల ముఖాలు చూసి, ఆ తుడిచిన కుర్చీలో తాను కూర్చుంది.

దుకాణం మధ్యలో ఎప్పటినుంచో ఒక పాత లారీ టైరు అడ్డంగా పడి ఉంది. చంద్రయ్య దాన్ని లేపి, దొర్లించుకుంటూ తెచ్చి, లిఫ్టుకూ లారీల జాగాకూ మధ్య గట్టు వేసినట్టు పడుకోబెట్టాడు. దుమ్ము లేచి కొత్త మిషన్ మీద పడింది. జీవన్ గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు.

మేడిపల్లి నుంచి వచ్చిన ఇటుకల లారీ ఒకటి అప్పుడే వెనక చక్రంతో కుంటుతూ ఆగింది. కొత్త డ్రైవర్ దిగి, అటు మిషన్‌ను, ఇటు ముసలాయనను చూసి, "ఎవలు సూస్తరన్నా?" అని జీవన్‌ను అడిగాడు.

"కండ్లు కనవడ్తలెవ్వా?" అని అరిచాడు చంద్రయ్య. రాడ్ అందుకుని, మోకాలు నేలకు ఆన్చి, కళ్ళు గట్టిగా మూసుకుని నొప్పి మింగాడు. తరువాత లారీ కిందికి దూరి, తుప్పు పట్టిన మొదటి నట్టును దాని తాతముత్తాతల దాకా తిట్టడం మొదలుపెట్టాడు.