స్పెయిన్ పెద్దాయన జెర్సీ

అమెరికాలోని బెంటన్‌విల్‌లో మా పక్కింటి స్పెయిన్ పెద్దాయన ఎవరు కనిపించినా ముందు నీళ్ల సీసా అందించేవాడు. స్పాన్సర్ తప్పుకోవడంతో మూతపడిన ఒక స్పెయిన్ సైకిల్ టీమ్‌లో ఆయన ఉద్యోగమే అది. రేసులో పక్కనే సైకిల్ తొక్కుతూ జట్టు నాయకుడికి నీళ్లందించడమే తప్ప, ఒక్క రేసైనా తను గెలవలేదు.

ఆయన వేసుకునే ఆ టీమ్ జెర్సీ మీద నా కన్ను పడింది. కిరాణా కొట్లో పెరిగినవాణ్ణి, ఎంతకిస్తారని అడక్కుండా ఉంటానా?

"అమ్మను. సైకిల్ మీద ఆగకుండా ఆ ఎదురు కొండెక్కు, ఊరికే ఇస్తా."

"సగం కొండకి డీల్ క్లోజ్ చేద్దాం అంకుల్!"

నవ్వాడే కానీ తగ్గలేదు.

సగంలోనే నా పని అయిపోయింది. వెంటనే, పక్కనే సైకిల్ తొక్కుతూ వస్తున్న ఆయన చెయ్యి నా వీపు మీద పడింది, పైదాకా తోసుకొచ్చింది. అక్కడ జెర్సీ విప్పి ఇవ్వబోయాడు. జన్మలో మొదటిసారి నాకు నష్టమొచ్చే మాటన్నాను.

"తోసింది మీరు కదా, ఇది చెల్లదంకుల్!"

"మా టీమ్‌లో ఎవరు తోశారని ఎవరూ అడగరు," అని జెర్సీ నా మెడలో వేసి, చొక్కా లేకుండానే ఈలేస్తూ కొండ దిగాడు.