రెండు బొట్లు పెట్టిన నేరానికి

మా అక్క నారాయణమ్మ ఇక లేదన్న దుర్వార్త, ఈ అరబ్బు దేశంలో, షువైఖ్ గోడౌన్‌లో పెట్టెలు దించుతుండగా ఫోనులో వచ్చింది. గుండె ఆగిందన్నారు. ఆగలేదు, ఆపారు. నాకు శోకం అపారం; క్రోధం అంతకు మించి ఉంది, దాన్ని దాచుకోను.

అన్నమయ్య జిల్లా నుంచి వచ్చి, ఇక్కడి సబా అల్ సలేం పేటలో ఒకే ఇంట ఏళ్ల తరబడి చాకిరీ చేసిన అక్క అభిమానధనురాలు. వీధి చివరి కిరాణా కొట్టువాడు ఆమె అరబ్బీని వెక్కిరించాడని ఆ గుమ్మం మళ్లీ తొక్కలేదు. మండుటెండలో ఎక్కడికో నడిచి ఉప్పు తెచ్చేది. "నా కాళ్లు అరిగితే అరగనీలేరా. వాని మొగం మాత్రం సూడను" అనేది. నవ్వి ఊరుకో అక్కా అంటే, "నువ్వు నవ్వుకో పో, నాకు చేతకాదు" అని కసిరేది.

అంతటి పట్టుదల మనిషికి పోయినవాళ్లంటే మహా జాలి. ఆ ఇంటి యజమాని పురాతన వస్తువుల సేకర్త. ఆయన దగ్గర అరచేతిలో ఇమిడే గాజుపలక మీద తీసిన తొలినాటి ఫొటో ఒకటి ఉండేది. సిపాయి దుస్తుల్లో ఇద్దరు యువకులు, భుజానికి భుజం ఆనించి కూర్చున్నారు. వీళ్లెవరని ఆ ఇంటి డ్రైవరు, రాయచోటి మస్తాన్‌ను అడిగిందట.

"అన్నదమ్ములక్కా. అమెరికావాళ్లు వాళ్లలో వాళ్లే కొట్టుకున్న యుద్ధంలో ఇద్దరూ పోయినారంట" అన్నాడట మస్తాన్.

ఆ శుక్రవారం అక్క నాకు ఫోను చేసింది. "ఒగ తల్లి బిడ్డలురా! తలుసుకునేటోళ్లు యాడుండారు? ఇద్దరి నొసట్నా ఇంత కుంకం పెట్టినా" అంది. పోయినవారి పటానికి బొట్టు పెట్టడం మనకు మర్యాద.

ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, ఆ ఎర్రచుక్కలు చూసి "సిహిర్! సిహిర్!" అని కేకలు పెట్టిందని మస్తాన్ చెప్పాడు. సిహిర్ అంటే చేతబడి. ఎవరు, మా అక్కా? పిల్లి కుంటితే కన్నీళ్లు పెట్టుకునే మనిషి! సాయంత్రానికి గాజు మీద ఆ ముఖాలే లేవు. అదీ అక్క పనేనని అపనింద. "నేను ముట్టుకోలే మామా, ఎంకన్న సామి మీద ఒట్టు" అని మొత్తుకున్నా వినలేదు. పనికి కుదిర్చిన ఆఫీసుకే తిరిగి అప్పగించారు. అక్కడి గదిలో అన్నం ముట్టలేదు. "నేను మంత్రగత్తెనా రా?" అని ఫోనులో అదే అడిగీ అడిగీ, వారం తిరక్కుండానే కన్నుమూసింది.

శవాన్ని ఊరికి పంపాక, ఆమె బట్టల సంచి కోసం ఆ ఇంటికి వెళ్లాను. మామా గుమ్మంలోనే ఏడ్చింది. "ఆ ఎరుపు చూసి భయపడి నేనే మరకలు పోగొట్టే క్లోరాక్స్ బ్లీచుతో రుద్దాను. ముఖాలు ఊడొచ్చాయి. మా ఆయన ఏమంటాడోనని ఆమె పేరు చెప్పాను. సామిహ్నీ" అంది. మన్నించమని అర్థం. అన్యాయమైపోయినవారు మన్నించనిదే దేవుడూ మన్నించడని ఆమె భయం. పోయిన అక్క బదులు తమ్ముడైనా ఆ మాట అంటాడని ఆశ.

"మీ ఆయనకు ఈ నిజం చెప్పినావా మామా?" అన్నాను.

తల అడ్డంగా ఊపింది.

"అయితే ఖలాస్. నేను మన్నించను."

సంస్మరణల్లో అందరూ ఆత్మశాంతి కోరతారు. అక్కా, నీకు నా అంజలి. నీ మీది నింద పోయేదాకా శాంతి మాత్రం నేను కోరను. నీవంటి మనిషి నాకు ఈ జన్మలో మళ్లీ దొరకదు. ఆ మామా ఇప్పటికీ ఫోను చేస్తోంది. నిన్న కూడా చేసింది. ఎత్తాను. ఏడుపంతా ఆసాంతం విని, ఒక్క మాటైనా అనకుండా పెట్టేశాను.