సరోజక్క పేనిన దారం

కరెంటు పోతే మా గల్లీలో మగ్గాలన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. సోలాపూర్ నేతవాళ్ల ఇళ్ల మధ్య దొరికే నిశ్శబ్దం అదొక్కటే. అప్పుడు మా సరోజక్క గుండె బయటికి వినిపించేది. పాడైన వాల్వు తీసేసి డాక్టర్లు ఆమె గుండెలో లోహపు వాల్వు పెట్టారు. అది గోడ గడియారంలాగా టిక్కు టిక్కుమనేది. మగ్గాలు ఆగగానే గల్లీ పిల్లలు వచ్చి ఆమె చుట్టూ చేరేవాళ్లు.

“అత్తా, నీ గడియారంల ఎంతయింది?”

“మీ అమ్మ నిన్ను ఉతికే టైమయింది. పో ఇంటికి.”

మా బావ సిద్ధరాములు తువ్వాళ్ల మగ్గాలు నడుపుతాడు. వాటికి నూలు కండెలు చుట్టేది అక్క. చిన్నప్పుడు ఆమెకు కీళ్లు వాచి జ్వరం వచ్చింది. కొన్నాళ్లకు పోయింది. పోయిందనే అందరం అనుకున్నాం. అది గుండెలో కూర్చుందని, పెళ్లయిన చాలా ఏళ్లకు, నీళ్ల బిందెతో గడప దాటలేక కూలబడినప్పుడు తెలిసింది.

ఆపరేషన్ కోసం వెళ్తే గుండె డాక్టరు ముందుగా నోరు తెరవమన్నాడు. చూసి, పళ్లు బాగు చేయించుకుని వస్తేనే కోత అన్నాడు. చెడిన పంటినుంచి క్రిములు నెత్తుట్లో కలిస్తే కొత్త వాల్వు మీద పేరుకుంటాయట. ఆపరేషన్ తర్వాత కూడా, బతికినంతకాలం, పళ్లను కాచుకోవాలట.

“గుండె ఏడ, పన్ను ఏడ తమ్మీ?” అంది అక్క, బయటికి వచ్చాక. అంటూనే కొంగుతో నోరు కప్పుకుంది, అందులో ఏదో దాగి ఉన్నట్టు.

హోట్గి రోడ్డులో ఋతుజ అనే పళ్ల డాక్టరు ఉంది. ఆమె తాతలూ మా తెలంగాణ వైపు నుంచి వచ్చిన నేతవాళ్లే. స్కూటర్ మీద అక్కను నేనే తీసుకెళ్లాను. అక్క ముందుపళ్ల అంచున ఉన్న గాడి చూడగానే ఆమె, “కండెలు చుడతవా అక్కా?” అంది. పోగు తెగితే ముడివేసి, ముడి తోకను పంటితో కొరకడం మా ఆడవాళ్ల అలవాటు. కత్తెర తీసి పెట్టేలోపు ఇంకో పోగు తెగుతుంది.

ఋతుజ రెండు పళ్లు పీకేసింది. బాగుపడేవాటిని శుభ్రం చేసి నింపింది. నింపినవాటిలో పెద్ద గుంట కుడివైపు కింద, రెండు దవడపళ్ల సందున ఉంది.

“నింపినం గదా అని ఇది రాయి గాదక్కా. పన్ను అరిగినట్టే ఇదీ అరుగుతది. పంటికీ దీనికీ నడుమ సందు పడితే లోపల్లోపల తినుకుంట పోతది. మీదికి కనపడది. నొప్పి గూడ తెల్వదు. పోగు కొరకద్దు. సుపారీ కొరకద్దు. కడక్ భాకరి రొట్టె నానబెట్టుకొని తిను. మెత్తటి బ్రష్షుతోని రెండు పూటల తోము. మిస్రీ రుద్దుడు బంద్. ఆర్నెల్లకోపారి వచ్చి చూపియ్యి, నొప్పి లేకున్నా.”

“నొప్పి లేకుంటే ఏం చూపియ్యాలె?”

“లేదని నేను చెప్పాలె, నువ్వు గాదు.”

చివరికి చిన్న డబ్బీలోంచి తెల్లటి సన్నదారం లాగి, నింపిన పంటి సందులోకి ఎలా దించాలో, ఎలా పైకి తీయాలో అద్దంలో చూపించింది. అక్క ఆ దారాన్ని వేళ్లతో నలిపి, పురి విప్పి, వెలుతురుకి పెట్టి చూసింది.

“దీనికి పురే సరిగ లేదు మేడం. ఏ మిల్లుది?”

“చీర నేసుకుంటవా ఏంది? పళ్లల్ల పెట్టుకో” అని నవ్వి, ఆ డబ్బీ ఆమెకే ఇచ్చింది ఋతుజ.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికి వచ్చాక అక్క పళ్లను చంటిపిల్లల్లా సాకింది. కాల్చిన పొగాకు పొడి మిస్రీ ఆమెకు చిన్ననాటి అలవాటు. పొద్దున అది వేలితో రుద్దుకోనిదే కళ్లు తెరుచుకునేవి కావు. అది మానేసింది. పోగు కొరకకుండా ఉండటానికి చిన్న కత్తెరను దారానికి కట్టి మెళ్లో వేసుకుంది.

పక్కింటి యల్లమ్మ బీడీలు చుడుతూ ఊరుకునేది కాదు. “తాళికి కత్తెర కట్టుకున్నవేందే సరోజా? సిద్ధరాములు పారిపోతే కోసేస్తవా?”

“నీ నాలుక కోసేతందుకు” అనేది అక్క.

చెప్పిన గడువులకు వెళ్లి చూపించుకుంది. ప్రతిసారీ ఋతుజ బాగుందనే అంది. ఆ తర్వాత ఒకరోజు, కుడివైపు సందులో దించిన దారం నూగు రేగి పైకొచ్చింది. మర్నాడు కూడా అంతే. ఇంకోసారి సగానికి తెగి, ఒక పీచు లోపలే ఉండిపోయింది. అక్క దాన్ని తీసి వేలిమీద పెట్టి బావకు చూపించింది.

“చూసినవా? ఉత్త కచ్చా మాలు. ఇది మగ్గం మీద ఒక్క దెబ్బకు ఆగది.”

బావ కూడా చూసి అవునన్నాడు. నేనున్నా అదే అనేవాణ్ణి. పోగు తెగితే నేతగాడు ముందు నూలునే తిడతాడు.

ఆ మధ్యాహ్నం ఆమె గట్టి నూలు రెండు పోగులు కలిపి సన్నగా పేనింది. దానికి మైనం పట్టించి ఒక కండెకు చుట్టుకుంది. ఆ దారం ఏ సందులోనూ రేగలేదు, తెగలేదు. కుడివైపు కాస్త రక్తం వచ్చేది. వాల్వు కోసం రక్తం పలచబరిచే మాత్రలు వేసుకుంటుంది కాబట్టి దాన్ని లెక్కచేయలేదు. గల్లీలో ఆడవాళ్లు అడిగితే మూరెడు మూరెడు తుంచి ఇచ్చింది. యల్లమ్మ కూడా పట్టుకుపోయింది.

మళ్లీ చూపించుకోవాల్సిన సమయానికి శ్రావణ పౌర్ణమి వచ్చింది. మా నేతవాళ్ల దేవుడు మార్కండేయుడి రథం కదిలే రోజులు. ఇంటినిండా చుట్టాలు. “నొప్పి లేదు, దారం సాఫ్ పోతున్నది. పండుగైనంక పోదాం తీయ్” అంది అక్క.

పండగ వెళ్లింది. జ్వరం వచ్చింది.

సాయంత్రమయ్యేసరికి చలి, తెల్లారేసరికి చెమట. వానాకాలం కదా, గల్లీలో సగంమందికి జ్వరాలే. చివరింటి డాక్టరు మాత్రలిస్తే తగ్గేది, అవి అయిపోగానే మళ్లీ వచ్చేది. అక్క చిక్కిపోయింది. కండెలు చుట్టడం మానేసి మంచం పట్టింది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. బావ మగ్గం దగ్గర్నుంచి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. కాసేపు విని, తల ఆమె రొమ్ము దగ్గరికి వంచాడు.

“ఏందే, నీ గడియారం నోట్ల గుడ్డ కుక్కుకున్నట్టున్నది?”

నేనూ విన్నాను. టిక్కుమనే చప్పుడు మెత్తబడింది. అప్పటికప్పుడే ఆటో పిలిచి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. పరీక్షలు చేసి, వాల్వు మీద క్రిములు గడ్డకట్టాయన్నారు. ఎక్కడినుంచి వచ్చాయని వెతుకుతుంటే నేను ఋతుజకు ఫోన్ చేశాను.

ఆమె వచ్చి అద్దం పెట్టి చూసింది. పైకి ఏమీ లేదు. తన సంచిలోని దారం కుడివైపు సందులో దించి తీసింది. నూగు రేగి వచ్చింది.

“ఇట్లనే చిరిగిందా అక్కా, ఇంతకు ముందుగాల?”

అక్క తల ఊపింది. “దారం ఖరాబ్ అనుకున్న మేడం. నేనే మంచిది పేనుకున్న.” తలగడ కిందినుంచి కండె తీసి చూపించింది. ఆసుపత్రిలో కూడా ఆ దారం మానలేదు.

ఋతుజ ఆ దారాన్ని రెండు చేతులా లాగింది. తెగలేదు. ఫిల్లింగు అంచు లేచి దారాన్ని కోస్తోందని, అడుగున పన్ను మొత్తం కుళ్లిందని, గుమ్మం దగ్గర మాకు చెప్పింది. “అన్నీ చెప్పిన. దారం చిరిగితే రావాలె అని ఒక్కటి చెప్పలే” అంది. గోడకేసి తిరిగి నిలబడింది.

వాల్వు మార్చాలంటే ముందు ఒంట్లోకి కాస్త శక్తి రావాలన్నారు. రాలేదు. పోయే ముందురోజు అక్క నన్ను పిలిచి, “రోజూ తోమిన గద తమ్మీ?” అని అడిగింది. తోమావన్నాను. “మరెట్ల?” అంది.

కర్మకాండ అయ్యాక యల్లమ్మ వచ్చి గడపలో నిలబడింది. కాసేపు ఏడ్చింది. తర్వాత మొహమాటంగా అడిగింది.

“సరోజ పేనిన దారం ఇంక ఉన్నదా అన్నా? నాది అయిపోయింది. కొన్న దారం పెడితే ఒకకాడ ఊకె తెగుతున్నది.”

బావ లోపలికి వెళ్లాడు. కండె అద్దం పక్కనే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. అక్క పక్కన పడేసిన ఆ చిన్న డబ్బీ వెతికి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

“ఇది గూడ తెగుతది గద?” అంది యల్లమ్మ.

“తెగనీ. ఏ పంటికాడ తెగుతదో చూస్కో. చెప్పు తొడుక్కో, ఇప్పుడే పోదాం డాక్టర్ కాడికి.”

అని తనే ముందు గడప దిగాడు.