నీళ్ల పైసలతో నడిచిన బస్సు

పోయిన నెల కండ్లు చూపించుకుందామని నల్లగొండకు పోయిన. పరీక్షలయ్యి, చుక్కల మందు తీసుకొని, బస్టాండుకొచ్చి మర్రిగూడ దిక్కు పోయే బస్సెక్కి కూసుంటే కండక్టరు పిల్ల వచ్చి ఆధార్ కార్డు చూసి ఎక్కడ దిగుతవని అడిగింది. ఇప్పుడు ఆడోళ్లకు టికెట్ పైసలు లేవు గదా, జీరో టికెట్ కొట్టించుకుంటే చాలు. నేను మా ఊరి పేరు చెప్పిన. ఆ పిల్ల చేతిలున్న మిషన్ల రెండుసార్లు వెతికి, "గా పేరుతోని స్టేజీ లేదవ్వా, రోడ్డు మీద దిగి ఆటోల పోవాలె" అన్నది. ఆమె తప్పేం లేదు, ఆమె నౌకరిలకు వచ్చేనాటికే మా ఊరి బస్సు బందయి ఏండ్లు గడిచింది. ఒకప్పుడు ఆ ఊరి పేరు రాసిన పలక బస్సు ముందట అద్దంల కనపడేదని, అది అట్లనే ఉండాలని నేను ఒక ఏడాదంతా కొట్లాడిన్నని చెప్పుదామని నోటిదాక వచ్చింది. చెప్పి ఏం చేస్తనని ఊరుకున్న. రోడ్డు మీద దిగి, ఆటో నిండేదాక మోరీ గోడ మీద కూసున్నప్పుడు మాత్రం అన్నీ ఒకటెనుక ఒకటి యాదికొచ్చినయి.

తెలంగాణ వచ్చిన కొత్తల నేను మా ఊరి సర్పంచిని. ఈ మాట ఇప్పటి పిల్లలకు చెపితే నా దిక్కు చూసి నవ్వుతరు, కానీ నా ఈడు వాళ్లకు తెలుసు, ఆ కుర్చీ ఆడోళ్లకని రిజర్వు అయితే ఊరి పెద్దలు ఎవరింటి గడప తొక్కుతరో ఎవరూ చెప్పలేకపోయేవాళ్లు. మాది మగ్గం ఇల్లు. మా ఇంటాయన చీరెలు నేస్తే, నేను నూలుకు రంగు పెట్టకముందు ముడులు వేసే చిటికి పని చేసేదాన్ని. పదో తరగతి పాసైన సాలెల కోడలిని నేనొక్కదాన్నే అని పెద్దలు వచ్చి నిలబడమని అడిగితే, మా ఆయన నన్ను అడగకుండనే సరేనన్నడు. నాకు కోపమే వచ్చింది. అయినా గెలిచినంక ఆ పని మీద మోజు పుట్టింది, అబద్ధం చెప్పను.

మా ఊరు పెద్ద రోడ్డుకు ఆరు కిలోమీటర్లు లోపలికి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, రెండే బస్సులు. పొద్దటి బస్సుల కాలేజీకి పోయే ఆడపిల్లలు ఏడుగురు, బ్యాంకుకు పోయే ముసలోళ్లు, దవాఖానకు పోయే బాలింతలు, చీరెల మూటలతోని మా వాడోళ్లు. మొగపిల్లలు అప్పటికే బండ్లు కొనుక్కున్నరు. పెద్ద రైతులకు బస్సుతోని పనే లేకుండె. అంటే బస్సుల కూసునేవాళ్లంతా ఊర్ల మాట చెల్లనివాళ్లే, ఈ సంగతి నాకు చానా ఆలస్యంగ అర్థమైంది.

నేను సర్పంచినైన రెండో ఏడు ఎండకాలం ముందు డిపో నుంచి కాయితం వచ్చింది. మీ ఊరి రూటుల మనుషులు తక్కువ, డీజిలు ఖర్చు కూడ వెళ్తలేదు, వచ్చే నెల నుంచి బస్సు నడుపలేమని దాని సారాంశం. మర్నాడే ఆ బస్సే ఎక్కి డిపోకు పోయిన. మేనేజరు సారు మంచి మనిషి, పాపం, బల్ల మీద అసువంటి కాయితాలే కుప్ప ఉన్నయి. నన్ను కూసోమని, నీళ్లు ఇప్పించి, ఉన్నదున్నట్టు చెప్పిండు. సాయంత్రం ట్రిప్పుకు అయ్యే డీజిల్ల కొంత భాగం పంచాయతీ భరిస్తే బస్సు ఉంచాలని తను పైకి రాస్తడంట, వేరే దిక్కు ఒకటి రెండు జాగాల అట్ల నడుస్తున్నదంట. పంచాయతీ కట్టొచ్చునా లేదా అన్నది మాత్రం మీ వాళ్లను అడిగి తెలుసుకోవాలమ్మా అన్నడు. ఆ ఆఖరు మాటను నేను సరిగ్గ చెవిన పెట్టలేదు.

పంచాయతీల పైసలు లేవనేమీ కాదు, ఉన్నయి, కానీ వేరే పనికోసం తీసిపెట్టినయి. మా దిక్కు బోరునీళ్ల సంగతి తెలియనిదెవరికి, ఫ్లోరైడు తాగి తాగి నలభై ఏండ్లకే నడుములు వంగినోళ్లు వాడవాడకు కనపడేవాళ్లు. పంచాయతీ ఆఫీసు పక్కన ఒక ఫిల్టరు నీళ్ల మిషను ఉండేది. లోపల నీళ్లను వడగట్టే గొట్టాలు అరిగిపోయి సన్నగ ధార కారుతుండె. వాటిని మార్చాలని మొదటి ఏడు నుంచి పైసా పైసా ఆపుకుంటు వచ్చినం. ఇప్పుడు ఆ పైసలు బస్సుకా, నీళ్లకా అన్నది తేలాలె. గ్రామసభ పెట్టిన.

ఇక్కడ మా యారాలి గురించి చెప్పాలె. మా ఆయన అన్న భార్య ఆమె, మా రెండిండ్ల నడుమ ఒకటే గోడ. నేను కొత్త కోడలిగ వచ్చినప్పుడు చిటికి ముడి ఎట్ల బిగించాలెనో నా చెయ్యి పట్టి నేర్పింది ఆమెనే. పుట్టిల్లు కూడ ఈ దిక్కే, ఊహ తెలిసిన కాడి నుంచి తాగిన నీళ్లు ఆమె ఎముకలల్ల కూసున్నయి. మోకాళ్లు వంగవు, మెడ తిరగదు. నేను పక్కనుంచి పిలిస్తే తల ఒక్కటి తిప్పరాక, మనిషంతా అడుగులో అడుగు వేసుకుంట తిరిగి చూసేది. బావ పోయినంక అరుగు మీద కూసోని నూలు కండెలు చుట్టుకుంట బతికింది. ఆమె మనుమరాలు ఆ బస్సుల పోయే ఏడుగురు పిల్లలల్ల ఒకతె. అందుకే సభల ఎవరెటు మాట్లాడినా యారాలు నా దిక్కే ఉంటదని నాకు ఫికర్ లేకుండె.

బడి వరండల సభ. ఎన్నడూ ఇల్లు కదలని ఆమె కట్టె పట్టుకొని, మనుమరాలి భుజం ఆసరతోని వచ్చి స్తంభానికి ఆనుకొని నిలబడ్డది. కూసుంటే మళ్ల లేవరాదు. నేను బస్సు సంగతంతా చెప్పిన, పిల్లల చదువన్న, దవాఖానన్న, బాగనే చెప్పిన్ననుకున్న. అంతా అయినంక ఆమె, నా దిక్కు తిరగడానికి ఇంత సేపు పట్టింది, తిరిగి అన్నది.

"బస్సు మెట్టెక్కరాని నాకు బస్సెందుకు చెల్లే? నాకు నీళ్లు కావాలె. నా లెక్క ఇంకెంతమంది కావాలె మీకు?"

 వరండల ఒకటే గొడవ. రెండు నెలలు ఓపిక పట్టు అక్కా, వానకాలం రాకముందే మిషను బాగు చేయిస్తనని నేను అన్న. అది మాట తప్పించుకునే మాట అని నాకు తెలుసు, ఆమెకు తెలుసు. చేతులెత్తమంటే బస్సుకే ఎక్కువ చేతులు లేచినయి. మనుమరాలు నాయినమ్మను ఒక చేత్తో పట్టుకొని రెండో చెయ్యి లేపింది. యారాలు ఆ చెయ్యి దిక్కు చూడలేదు, చూడాలన్నా మెడ తిరగదు గదా. పంచాయతీ సెక్రటరీ, నా కొడుకు వయసోడు, తీర్మానం రాసుకుంట, "మేడం, గిది ఏ పద్దు కింద రాయాలె, తర్వాత అడుగుతరు" అని రెండుసార్లు అన్నడు. రాయి బాబు, అడిగినప్పుడు చూద్దామన్న.

బస్సు నడిచింది. సాయంత్రం మలుపు కాడ హారన్ వినపడితే నేను చేతిల పని ఆపి, ఆడపిల్లలు దిగి మా వాకిట్ల నుంచి పోయేదాక చూస్తుండేదాన్ని. నేను తెప్పించిన బస్సు అనే గర్వం ఎంత ఉండెనో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గనిపిస్తది. రెండో నెల దాటకముందే నీళ్ల మిషను పూర్తిగ మొరాయించింది. ఉన్నోళ్లు బండ్ల మీద పోయి పక్కూరి నుంచి డబ్బాలు తెచ్చుకున్నరు. లేనోళ్లు బోరునీళ్లే తాగిండ్రు. ఇక ఆడోళ్లు ఒక తోవ కనిపెట్టిండ్రు, పొద్దటి బస్సుల ఖాళీ డబ్బాలు వేసుకొని పోవుడు, మండలంల నింపుకొని సాయంత్రం బస్సుల తెచ్చుకునుడు. మొదటి రోజు కండక్టరు మొత్తుకున్నడు, ఇది బస్సా, ట్యాంకరా అని. తరువాత తనే వెనుక సీట్ల నడుమ జాగా చేసి పెట్టేటోడు. అట్ల, నీళ్ల పైసలు తిన్న బస్సే మాకు నీళ్లు మోసింది. నేనూ ఒక డబ్బా తెచ్చి యారాలి అరుగు మీద పెట్టేదాన్ని. వద్దని ఆమె అనలేదు, తెచ్చినవా అని కూడ అనలేదు. ఏమన్నా అంటే బాగుండునని నాకు అనిపిస్తుండె.

ఆ వానకాలం ఆమెకు జరం వచ్చి విడువకపోతే దవాఖానకు తీస్కపోవాలని అనుకున్నం. ఆటోల ముడుచుకొని కూసోరాదు. బస్సు తప్ప తోవ లేదు. మా మగ్గం కాడి పీట తెచ్చి బస్సు మెట్టు ముందట వేసిన. డ్రైవరు, నా కంటె పెద్దోడే, ఇంజను బంద్ చేసి దిగొచ్చి ఒక దిక్కు, నేనొక దిక్కు పట్టి ఆమెను పైకెక్కించినం. కాళ్లు చాపుకునేటట్టు డ్రైవరు వెనుక సీటు ఇచ్చిండ్రు. ఆమె కిటికీల నుంచి చూడలేదు, ముందట అద్దంల నుంచి ఎదురొచ్చే రోడ్డును చూసుకుంట కూసున్నది. పత్తి చేండ్లు, గుట్టలు, ఎన్నేండ్ల కింద చూసిందో ఆ తోవ. సాయంత్రం తిరిగొచ్చి దించినంక, జరంతోని గొంతు పీలిపోయి ఉన్నా, "మంచిగనే ఉన్నదే నీ బస్సు" అన్నది. ఇంట్లకు పోయి తలుపు పెట్టుకొని ఏడ్చిన. 

ఆ ఏడు ఆఖరుకు ఆడిట్ వచ్చింది. బస్సుకు పంచాయతీ పైసలు ఏ నిబంధన కింద కట్టిండ్రని అడిగిండ్రు. సెక్రటరీ నా దిక్కు చూసిండు, నేను నేల దిక్కు చూసిన. సంజాయిషీ రాసిచ్చినం, ఇకముందు కట్టబోమని కూడ రాసిచ్చినం. మండల సభకు పోయి, ఇది ఒక్క ఊరితోని అయ్యేది కాదు, నాలుగు ఊర్లు కలిసి మండలం తరఫున అడుగుదామని లేచి మాట్లాడిన. జీవితంల అంత బాగ ఎన్నడూ మాట్లాడలేదు. అందరూ చప్పట్లు కొట్టి అన్నానికి లేచిండ్రు. పరిశీలిస్తమని రాసుకున్నరు. పరిశీలన ఇంకా అయితలేదు కావచ్చు.

డిపో సారు మా మీద దయతోని, మేం కట్టకపోయినా ఇంకో రెండు నెలలు నడిపించిండు. ఆ తరువాత ఒక రోజు పొద్దున బస్సు రాలేదు. ఆఖరు బస్సు నిన్నటిదేనని ఎక్కినోళ్లకు, దిగినోళ్లకు ఎవరికీ తెలియదు. ఆడపిల్లలు బ్యాగులు పట్టుకొని పదిన్నర దాక నిలబడి ఇంటికి మల్లిండ్రు. ఏడుగురిల నలుగురు ఆటోలల్ల పడి చదువు ముగించిండ్రు, యారాలి మనుమరాలు వాళ్లల్లనే, ఇప్పుడు నల్లగొండల ఒక దవాఖానల నర్సు. ముగ్గురు ఇంట్లనే ఆగిపోయిండ్రు. అందుల ఒకతె మా వాడలనే ఇంటి ముందు చిన్న దుకాణం పెట్టుకున్నది. సబ్బో, ఉప్పో కొనడానికి పోతే, పెద్దమ్మా అని మంచిగనే పలకరిస్తది, నాకే ఎక్కువసేపు నిలబడబుద్ధి కాదు.

నీళ్ల సంగతికొస్తే, నేను దిగిపోకముందే పైపులేసి కృష్ణ నీళ్లు ఇంటింటికి ఇచ్చిండ్రు. దాంట్ల నా గొప్ప ఏం లేదు. మొదటి రోజు నల్లా తిప్పి, చెంబు నింపి యారాలికి ఇచ్చిన. కొంచెం తాగి, చప్పగున్నయన్నది. ఆ రోజే అడిగిన, నా మీద కోపం పోయిందా అక్కా అని.

"కోపమెందుకే," అన్నది. "నువ్వు పోయేటోళ్లను చూసినవు. నేను ఇంట్ల ఉండేటోళ్లను చూసిన. ఇద్దరం ఒక్కటే సంచిల చెయ్యి పెట్టినం. గా సంచి చిన్నగుండె, నువ్వేం జేస్తవు."

మంచినీళ్లు తాగింది రెండేండ్లు. పాడైన ఎముకలు నీళ్లతోని బాగైతయా. కరోనా వచ్చిన ఏడే ఆమె కూడ పోయింది, ఆ రోగంతోని కాదు, మామూలుగనే.

ఇప్పుడు మా ఊరికి తారు రోడ్డు పడ్డది. ఇంటికొక బండి, కొన్నిండ్లల్ల రెండు. నల్లా ఉన్నా డబ్బా నీళ్లే కొనుక్కుంటరు, ఎవరి డబ్బా వాళ్లది. బస్సు కావాలని అడిగేటోళ్లు లేరు, నా అసువంటి ముసలోళ్లు తప్ప, మాకు అడిగే ఓపిక లేదు. అప్పుడు తప్పు చేసిన్నా, ఒప్పు చేసిన్నా అని ఎన్నో రాత్రులు తండ్లాడిన, ఇప్పుడు దాని మీద కూడ విసుగొచ్చింది. నీళ్లకని చెయ్యెత్తినా బస్సు పోయేదే, బస్సుకని ఎత్తినా పోయింది. కానీ ఆ రోజు వరండల ఊరంతా ఒకరి మొఖం ఒకరు చూసుకుంట, నడవరానోళ్లు కూడ నడిచొచ్చి, నాకిది కావాలె అని అందరి ముందట అడిగిండ్రు. అసువంటి పోట్లాట మళ్ల జరుగలేదు.

మొన్న గ్రామసభ అయిందంట. కొత్త సెక్రటరీ పిల్లగాడు బండి మీద ఇంటింటికి తిరిగి సంతకాలు తీసుకుంటున్నడు. ఇంజను ఆపకుండనే, స్టాండ్ వేయకుండనే తీర్మానాల పుస్తకం చాపిండు. దేని మీద అని అడుగుదామనుకున్న, చుక్కల మందు వేసుకొని ఉన్న, అక్షరాలు కనపడలేదు. ఎక్కడ పెట్టాలె బాబు అని మాత్రం అడిగి, వేలు పెట్టి చూపించిన కాడ సంతకం పెట్టిన.